చిచ్చు పెట్టిందెవరు? కాలిందెవరు?

పదిహేను నిమిషాలు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, గ్రాండ్ ఐలాండ్ అనే ఊళ్లో 2008 సెప్టెంబర్‌లో కూలీలు రెండు ముక్కలై ఒకరి మీదికి ఒకరు లేచింది ఈ పావుగంట కోసమే. తుపాకులు పేలలేదు, రక్తం పారలేదు. కాని ఆ పావుగంట కొట్లాటలో నూరేళ్ల కథ దాగి ఉంది. చెమటోడ్చే వాళ్లంతా, ఉద్యమాలలో తిరిగే వాళ్లంతా ఆ కథ తెలుసుకొని తీరాలి. ఎందుకంటే కూలీల మధ్య కొట్లాట పెట్టే విద్య ఏ ఒక్క దేశానిదీ కాదు.

ముందు జరిగిందేమిటో చూద్దాం. గ్రాండ్ ఐలాండ్‌లో జేబీఎస్ స్విఫ్ట్ కంపెనీకి పెద్ద కబేళా ఉంది. పశువులను కోసి, ముక్కలు చేసి, డబ్బాల్లో సర్ది దేశమంతా పంపే ఫ్యాక్టరీ. అందులో సాయంత్రం షిఫ్టులో వందలాది సోమాలియా కార్మికులు పనిచేస్తున్నారు. అది రంజాన్ నెల. పొద్దంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, చలిగదిలో కత్తి పట్టుకొని నిలబడ్డ వాళ్లు పొద్దుగూకగానే ఉపవాసం విడిచి నమాజు చేసుకోవాలి. భోజన విరామం ఆ వేళకు కుదరడం లేదు, కొంచెం ముందుకు జరపండి అని అడిగారు. కుదరదన్నారు. వందల మంది కత్తులు కింద పెట్టి బయటికొచ్చారు, నగర పాలక కార్యాలయం దాకా ఊరేగింపుగా నడిచారు. కంపెనీ, యూనియన్ కూర్చొని మాట్లాడుకొని విరామాన్ని పావుగంట ముందుకు జరపడానికి ఒప్పుకున్నాయి.

అక్కడితో కథ ముగిస్తే బాగుండేది. ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో మంట లేచింది. ఈసారి పని ఆపింది లాటిన్ అమెరికా కార్మికులు. వాళ్లతో తెల్లవాళ్లు, సూడాన్ నుంచి వచ్చిన క్రైస్తవులు కూడా కలిశారు. విరామం జరిపితే షిఫ్టు పావుగంట ముందే ముగుస్తుంది, మా కూలి కోత పడుతుంది, వాళ్ల దేవుడి కోసం మా పొట్టలెందుకు మాడాలి అని వాళ్ల వాదన. సోమాలీలకే ఏవో ప్రత్యేక లాభాలు చేస్తున్నారని పుకార్లు పుట్టాయి. పుకారుకు కాళ్లు ఎక్కువ. కంపెనీ ఒప్పందాన్ని వెనక్కి తీసుకుంది. మళ్లీ అలజడి చేసిన సోమాలీలను డజన్ల కొద్దీ పనిలోంచి తీసేసింది. అదే నెలలో పక్కనున్న కొలరాడో రాష్ట్రం గ్రీలీలో అదే కంపెనీ కబేళాలో అదే తగాదా వచ్చి వంద మందికి పైగా సోమాలీల ఉద్యోగాలు పోయాయి.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ కొట్లాటలో గెలిచిందెవరు? సోమాలీకి విరామం దొరకలేదు, చాలామందికి ఉద్యోగమే పోయింది. మెక్సికో కార్మికుడికి కొత్తగా ఒక్క పైసా పెరగలేదు, ఉన్నది పోకుండా కాపాడుకున్నానన్న తృప్తి తప్ప. మరి ఎవరికి దక్కింది? గొలుసు ఆగకుండా నడిపించుకున్న వాడికి దక్కింది. పిల్లి పిల్లి కొట్లాడుకుంటే రొట్టె కోతి పాలైందని చిన్నప్పుడు విన్న కథ ఇదే కదా!

అసలు ఆ సోమాలీలు ఆ ఊరికి ఎట్లా వచ్చారు? రెండేళ్లు వెనక్కి పోవాలి. 2006 డిసెంబర్ 12. మెక్సికో కాథలిక్కులకు గ్వాదలూప్ మాత పండుగ. ఆ పొద్దున అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు స్విఫ్ట్ కంపెనీ కబేళాలు ఆరింటి మీద ఒకేసారి పడ్డారు. గ్రాండ్ ఐలాండ్, గ్రీలీ, టెక్సాస్‌లో కాక్టస్, యూటాలో హైరమ్, అయోవాలో మార్షల్‌టౌన్, మిన్నెసోటాలో వర్తింగ్‌టన్. దాదాపు 1,300 మందిని పట్టుకుపోయారు. కాగితాలు లేని వాళ్లు, ఇంకొకరి నంబర్ మీద పనికి చేరిన వాళ్లు అన్నారు. పొద్దున పనికి పోయిన తల్లిదండ్రులు సాయంత్రం ఇంటికి రాక, పిల్లలు బళ్లలో, చర్చీల్లో, చుట్టాల ఇళ్లలో ఎదురుచూశారు. ఇన్నేళ్లు వాళ్ల చేత పని చేయించుకొని లాభాలు తీసుకున్న కంపెనీ మీద మాత్రం నేరాభియోగం రాలేదు.

ఖాళీ అయిన చోట మనుషులు కావాలి. గొలుసు ఒక్క రోజు ఆగినా నష్టమే. అప్పుడు కంపెనీల కన్ను సోమాలీల మీద పడింది. 1991 తర్వాత అంతర్యుద్ధంలో దేశం విడిచి, శరణార్థి శిబిరాల్లో ఏళ్లు గడిపి, అమెరికా ప్రభుత్వం అనుమతితోనే వచ్చినవాళ్లు. కాగితాలున్నాయి, ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆకలి మాత్రం నిండుగా ఉంది. పోలీసు దాడి భయం లేని కూలీలు దొరికారు. అట్లా మెక్సికో, గ్వాటెమాలా వాళ్ల చేతుల నుంచి జారిన కత్తి సోమాలీ చేతికొచ్చింది. నిన్న పోలీసులు ఎత్తుకుపోయిన తమ్ముడి జాగాలో నిలబడ్డ కొత్తవాణ్ణి చూసి పక్కనున్న మెక్సికో కూలీకి కడుపు మండింది. ఆ మంట న్యాయమైనదే. తప్పల్లా అది మళ్లిన దిక్కులో ఉంది.

ఆ మెక్సికో కూలీ కూడా నిన్న మొన్నటి దాకా కొత్తవాడే. మా కూలి చెడగొట్టడానికొచ్చాడని ఊళ్లోని తెల్లవాళ్లు గొణిగింది అతన్ని చూసే. నిజంగా కూలి చెడగొట్టింది అతనేనా? చరిత్ర వేరే మాట చెబుతుంది.

1943లో ఏర్పడిన యునైటెడ్ ప్యాకింగ్‌హౌస్ వర్కర్స్ అనే యూనియన్ కబేళా కూలీలకు మనుషుల బతుకు తెచ్చింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే పందిట్లో కూర్చున్న యూనియన్ అది. మాంట్‌గొమరీలో బస్సుల బహిష్కరణ జరిగినప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమానికి డబ్బు పంపిన యూనియన్ అది. ఆ ఐక్యత ఫలితం ఏమిటంటే 1970ల చివరి దాకా కబేళా కార్మికుడి కూలి దేశంలోని సగటు ఫ్యాక్టరీ కార్మికుడి కూలి కన్నా ఎక్కువ. ఇల్లు కొనుక్కున్నారు, పిల్లల్ని కాలేజీకి పంపారు.

ఆ కోటను కూల్చింది వలసకూలీ కాదు. 1960లో అయోవాలో పుట్టిన ఐబీపీ అనే కంపెనీ కొత్త పద్ధతి కనిపెట్టింది. కబేళాలను షికాగో లాంటి యూనియన్ పట్టణాల నుంచి లేపి పశువులున్న పల్లెల పక్కకు తీసుకుపోయింది. పశువును మొత్తంగా కోయగల పనివాడు అక్కరలేదు, ఒక్కొక్కడు ఒక్క కోత కోస్తే చాలు అంది. 1967 నుంచి మాంసాన్ని కోసి డబ్బాల్లో పెట్టి పంపడం మొదలుపెట్టింది. నైపుణ్యం పోయింది, దాంతో బేరమాడే శక్తి పోయింది. మిగతా కంపెనీలన్నీ అదే బాట పట్టాయి. 1865లో తెరిచిన షికాగో పశువుల సంత 1971లో మూతపడింది. ఆస్టిన్ అనే మిన్నెసోటా పట్టణంలో హార్మెల్ కంపెనీ 1984లో గంట కూలిని 10.69 డాలర్ల నుంచి 8.25 డాలర్లకు కోసింది. 1985 ఆగస్టులో కార్మికులు సమ్మె చేశారు. 1986 జనవరిలో రాష్ట్ర గవర్నర్ నేషనల్ గార్డ్ సైనికులను దించాడు. ఫ్యాక్టరీ తెరుచుకుంది, సమ్మె ఓడింది. పై యూనియన్ నాయకత్వమే స్థానిక యూనియన్‌ను చేజిక్కించుకొని సమ్మెకు ఉరి బిగించింది.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడాలి. ఆ ఊళ్లో కూలి కోత పడ్డనాడు గొలుసు దగ్గర నిలబడ్డది తరతరాలుగా అక్కడే బతుకుతున్న తెల్లవాళ్లు. ముందు కూలి కోశారు, తర్వాత యూనియన్ నడుం విరిచారు. ఆ కూలికి, ఆ వేగానికి ఊరివాడు నిలబడలేక వెళ్లిపోయాక, అప్పుడు సరిహద్దు దాకా మనుషుల్ని పంపి కూలీలను పిలిపించుకున్నారు. వలసవాడు వచ్చి కూలి తగ్గించలేదు, కూలి తగ్గిన చోటికి వలసవాడు వచ్చాడు. ఈ ఒక్క వరుస తప్పుగా చదివితే పోరాటమంతా తప్పుదారి పడుతుంది.

ఇది 1980లలో పుట్టిన ఎత్తుగడ కూడా కాదు. 1904లో షికాగో కబేళాల్లో సమ్మె జరిగినప్పుడు దక్షిణాది నుంచి నల్లవాళ్లను, ఓడ దిగిన కొత్త వలసకూలీలను తెచ్చి సమ్మె విరగ్గొట్టారు. ఆ సమ్మె ముగిసిన కొన్నాళ్లకే అక్కడికి వెళ్లిన అప్టన్ సింక్లేర్ లిథువేనియా వలసకూలీల కుటుంబం మీద ‘ది జంగిల్’ నవల రాశాడు. 1906లో పుస్తకంగా వచ్చింది. దేశం అట్టుడికింది. అదే ఏడాది జూన్‌లో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. తినేవాడి కడుపు కోసం చట్టం వచ్చింది, కోసేవాడి బతుకు కోసం రాలేదు. 1919 జులైలో షికాగోలో నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు మధ్య అల్లర్లు జరిగి 38 మంది చచ్చిపోయారు. అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న కబేళా యూనియన్‌లో చీలిక పెద్దదైంది. 1921-22 సమ్మె ఓడింది. రంగు పేరిట చీలిన ఆ రెండు దశాబ్దాలూ కూలీలు ఓడిపోతూనే వచ్చారు. కలిశాకే గెలిచారు.

మళ్లీ పావుగంట దగ్గరికి వద్దాం. కబేళాలో గొలుసు అంటే ఏమిటో తెలియకపోతే పావుగంట విలువ అర్థం కాదు. తలకిందులుగా వేలాడే పశువులు గంటకు వందల లెక్కన కళ్ల ముందు నుంచి పోతుంటాయి. ఒక్కో కూలీ ఒక్కటే కోత, షిఫ్టులో వేల సార్లు. చేతివేళ్లు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో కూడా కత్తి పట్టినట్టు ముడుచుకుపోతాయి. పక్కవాడి కత్తి మోచేతికి జానెడు దూరంలో ఉంటుంది. ఒకడు పక్కకు పోతే వాడి కోత పక్కవాడి మీద పడుతుంది. అందుకే నమాజుకు పోయినవాణ్ణి చూసి పక్కవాడు పళ్లు నూరాడు. మనిషి పోయినప్పుడు గొలుసు వేగం తగ్గించవచ్చు, మారుమనుషులను పెట్టవచ్చు. అది యాజమాన్యం చేతిలో ఉన్న పని. ఆ పని చేయకపోతే ఒక కూలీ ప్రార్థన ఇంకో కూలీకి బరువవుతుంది. అట్లా బరువయ్యేటట్టు గొలుసు బిగించిన చెయ్యి ఎవరికీ కనిపించదు.

దేవుడి సంగతి పక్కన పెడదాం. సోమాలీ అడిగింది ఏమిటి? గొలుసు నుంచి నాలుగు నిమిషాలు విడుదల. మెక్సికో ఆడబిడ్డ అడగలేక లోపల దాచుకున్నది ఏమిటి? మూత్రానికి పోవడానికి నాలుగు నిమిషాలు విడుదల. అమెరికా కోళ్ల ఫ్యాక్టరీలలో మూత్రానికి వదలకపోతే కూలీలు డైపర్లు కట్టుకొని పనిచేస్తున్నారని 2016లో ఆక్స్‌ఫామ్ సంస్థ నివేదిక బయటపెట్టింది. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో! అందరికీ సరిపడా విరామం కావాలి, మారుమనుషులను పెట్టాలి, గొలుసు వేగం తగ్గించాలి అని గ్రాండ్ ఐలాండ్‌లో ఇద్దరూ కలిసి అడిగి ఉంటే? ఒకడు నమాజు చేసుకునేవాడు, ఒకడు రోజరీ తిప్పుకునేవాడు, ఒకడు బీడీ తాగేవాడు. అడగవలసిన ఆ ఒక్క కోరిక అడగకుండా ఒకరి కోరిక మీద ఒకరు నిప్పు పోసుకున్నారు.

కోర్టుల సంగతి చూస్తే ఇంకా విచిత్రం. సమాన ఉపాధి అవకాశాల కమిషన్ 2010లో కంపెనీ మీద రెండు రాష్ట్రాల్లో దావాలు వేసింది. ప్రార్థన విరామాలు ఇస్తే ఫ్యాక్టరీకి తట్టుకోలేని ఇబ్బంది అన్న కంపెనీ వాదనను 2013లో నెబ్రాస్కా ఫెడరల్ కోర్టు ఒప్పుకుంది. కొలరాడోలో మాత్రం 2021లో, అంటే గొడవ జరిగిన పదమూడేళ్లకు, కంపెనీ 55 లక్షల డాలర్లు చెల్లించడానికి రాజీపడింది. 2015 డిసెంబర్‌లో అదే కొలరాడోలో ఫోర్ట్ మోర్గన్ ఊరి కార్గిల్ కబేళాలో దాదాపు 150 మంది సోమాలీలను తీసేస్తే 2018లో ఆ కంపెనీ 15 లక్షల డాలర్లకు రాజీపడింది. అక్కడ కార్మికుల పక్షాన నిలబడవలసిన యూనియన్ కూడా వివక్ష చూపిందన్న ఆరోపణ మీద విడిగా డబ్బు కట్టవలసి వచ్చింది. చందా అందరి దగ్గరా తీసుకొని అండ కొందరికే ఇచ్చే యూనియన్ చివరికి ఎవరినీ కాపాడలేదు.

చట్టం ఎవరి మీద ఎంత వేగంగా పడుతుందో చూడాలంటే అయోవాలోని పోస్ట్‌విల్ చూడాలి. 2008 మే 12న అగ్రిప్రాసెసర్స్ అనే కబేళా మీద దాడి చేసి 389 మందిని పట్టుకున్నారు. ఎక్కువమంది గ్వాటెమాలా పల్లెల్లోని మాయా తెగల వాళ్లు. పశువుల ప్రదర్శన జరిగే మైదానంలో వాళ్లను ఉంచి, అక్కడే కోర్టు పెట్టి, పది పది మందిని ఒకేసారి నిలబెట్టి, రోజుల వ్యవధిలో దాదాపు 300 మందికి శిక్షలు వేశారు. ఎక్కువమందికి అయిదు నెలల జైలు. తాము వాడిన నంబర్ నిజంగా ఇంకొక మనిషిదని వాళ్లకు తెలుసా అని అడిగినవాడు లేడు. అది రుజువు చేయాలని సుప్రీం కోర్టు 2009 మేలో ఇంకో కేసులో తీర్పు చెప్పేనాటికి వీళ్లు శిక్ష అనుభవించి దేశం దాటించబడ్డారు. ఇక కంపెనీ పెద్దకు 27 ఏళ్ల జైలు పడింది. అయితే అది కూలీలను పీడించినందుకు కాదు, బ్యాంకును మోసం చేసినందుకు! ఆ శిక్షను కూడా 2017 డిసెంబర్‌లో అధ్యక్షుడు ట్రంప్ తగ్గించి విడుదల చేశాడు. కూలీకి గంటల్లో న్యాయం, యజమానికి అధ్యక్షుడి దయ!

చీలిక ఎక్కడి దాకా పోతుందో కాన్సాస్‌లోని గార్డెన్ సిటీ చెబుతుంది. అక్కడ సోమాలీ కబేళా కూలీలు ఉండే ఇళ్ల సముదాయాన్ని, అందులోని మసీదును బాంబులతో పేల్చాలని ముగ్గురు కుట్ర పన్నారు. 2016 అక్టోబర్‌లో దొరికారు. 2019 జనవరిలో పాతికేళ్లకు తక్కువ కాకుండా ఒక్కొక్కరికీ శిక్షలు పడ్డాయి. పుకారుతో మొదలైనది బాంబుతో ముగియబోయింది. ద్వేషం నారు పోసినవాడు కోతకొచ్చేనాటికి కనిపించడు.

మనిషికి మనిషికి తేడా చూసింది మనుషులే, కరోనా చూడలేదు. 2020 వసంతంలో దేశమంతా ఇళ్లల్లో తలుపులు వేసుకుంటే కబేళా కూలీలు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. ఏప్రిల్ 28న ట్రంప్ రక్షణ ఉత్పత్తి చట్టం కింద ఉత్తర్వు ఇచ్చి కబేళాలు నడవాలన్నాడు. అయిదు పెద్ద కంపెనీలలోనే మొదటి ఏడాదిలో కనీసం 59,000 మందికి వ్యాధి సోకిందని, 269 మంది చనిపోయారని 2021 అక్టోబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం లెక్క తేల్చింది. గ్రీలీ కబేళాలో ఆరుగురు కార్మికులు చనిపోతే కార్మిక భద్రతా శాఖ వేసిన జరిమానా 15,615 డాలర్లు. అయోవాలోని వాటర్లూ టైసన్ ఫ్యాక్టరీలో ఎంతమంది కూలీలకు వ్యాధి వస్తుందని మేనేజర్లు పందేలు కాశారన్న ఆరోపణ లేచి, విచారణ తర్వాత 2020 డిసెంబర్‌లో కంపెనీ ఏడుగురిని తీసేసింది. చచ్చిపోయిన వాళ్లలో మెక్సికో వాళ్లు, హైతీ వాళ్లు, బర్మా వాళ్లు, ఊరివాళ్లు అందరూ ఉన్నారు. నువ్వు ఏ దేశపువాడివి అని రోగం అడగలేదు.

కరోనా తగ్గినాక ఇంకో దుర్మార్గం బయటపడింది. అర్ధరాత్రి కబేళాలు కడిగే పీఎస్ఎస్ఐ అనే కాంట్రాక్టు సంస్థ 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు 102 మందిని పనిలో పెట్టిందని, ఎనిమిది రాష్ట్రాల్లో 13 ఫ్యాక్టరీలలో ఇది జరిగిందని 2023 ఫిబ్రవరిలో కార్మిక శాఖ ప్రకటించి 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఎముకలు కోసే రంపాలను, తలలు చీల్చే యంత్రాలను ఘాటైన రసాయనాలతో కడిగింది బడికి పోవలసిన పిల్లలు. కొందరికి ఒళ్లు కాలింది. ఆ పదమూడు ఫ్యాక్టరీలలో ఒకటి ఏదనుకున్నారు? గ్రాండ్ ఐలాండ్! పావుగంట విరామం కోసం పెద్దవాళ్లు కొట్లాడుకున్న ఆ కబేళాలోనే. ఫ్యాక్టరీ లోపల కూలీల ఐక్యత చచ్చిన చోట పసిపిల్లల రాత్రులు కూడా అమ్ముడుపోతాయి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఊరివాడి బాధ అబద్ధం కాదు. బడిలో పిల్లలు ఒక్కసారిగా పెరుగుతారు, ఇళ్ల అద్దెలు పెరుగుతాయి, కూలి పెరగదు. కంపెనీ మాత్రం పన్ను రాయితీలు తీసుకొని ఖర్చంతా ఊరి మీద పడేస్తుంది. ఈ బాధ చెప్పుకున్న ప్రతివాణ్ణీ జాత్యహంకారి అని తిట్టి పక్కకు నెట్టే పట్నపు మేధావులు కూడా కంపెనీకే మేలు చేస్తున్నారు. స్థానికుడు తన హక్కు అడగాలి, గట్టిగా అడగాలి. కాని స్థానికుడి హక్కు అడగడం వేరు, పక్కనున్న కూలీ పొట్ట కొట్టమనడం వేరు. మొదటిది యజమాని గల్లాపెట్టె వైపు చూపిస్తుంది. రెండవది ఆ గల్లాపెట్టెకు కాపలా కాస్తుంది.

పైగా అసలు స్థానికుడెవరు, పరాయివాడెవరు? జేబీఎస్ బ్రెజిల్ కంపెనీ, 2007లో స్విఫ్ట్‌ను కొన్నది. పెద్ద పంది మాంసం కంపెనీ స్మిత్‌ఫీల్డ్ 2013లో చైనా పెట్టుబడి చేతికి పోయింది. పెట్టుబడి సరిహద్దు దాటి వస్తే ఎర్ర తివాచీ, చెయ్యి దాటి వస్తే సంకెళ్లు! దుబాయికి, మస్కట్‌కు మనుషులను పంపి ఉత్తరాల కోసం ఎదురుచూసిన ఊళ్లలో పుట్టిన మనకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే దారి లేదా? ఉంది. నార్త్ కరోలినాలోని టార్ హీల్ చూడండి. 1992లో తెరిచిన స్మిత్‌ఫీల్డ్ కబేళా, రోజుకు 32,000 పందుల దాకా కోసే సామర్థ్యం, అయిదు వేల మంది కూలీలు. నల్లవాళ్లు, లాటినోలు, తెల్లవాళ్లు, లంబీ తెగ ఆదివాసులు. ఎవరి పని వాళ్లకు, ఎవరి బల్ల వాళ్లకు, ఒకరంటే ఒకరికి పడదు. 2000లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఒకరు అక్కడే కూలీగా చేరి ఆ చీలికను దేశానికి చూపించాడు. 1994లో, 1997లో యూనియన్ ఎన్నికలు ఓడిపోయాయి. కంపెనీ బెదిరింపులతో, చట్టవిరుద్ధమైన పనులతో ఆ ఎన్నికలు నడిపిందని తర్వాత కార్మిక బోర్డు, కోర్టు తేల్చాయి.

2006 నవంబర్‌లో, స్విఫ్ట్ మీద దాడులు జరగడానికి నెల ముందు, నంబర్లు సరిపోలేదని టార్ హీల్‌లో కొంతమంది లాటినో కూలీలను తీసేశారు. దాదాపు వెయ్యి మంది పని ఆపి బయటికి నడిచారు. రెండు రోజుల్లో కంపెనీ దిగొచ్చి వాళ్లను తిరిగి తీసుకుంది. ఆ మరుసటి జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జయంతికి సెలవు కావాలని నల్ల కార్మికులు అడిగారు. లాటినోలు గొంతు కలిపారు. అదే నెలలో ఇమిగ్రేషన్ పోలీసులు ఫ్యాక్టరీలో 21 మందిని పట్టుకున్నారు, భయంతో చాలామంది లాటినోలు ఊరు విడిచారు. పోరాటం అక్కడితో ఆగి ఉండాలి. ఆగలేదు, మిగిలినవాళ్లు ఎత్తిన జెండా దించలేదు. 2008 డిసెంబర్‌లో ఓట్లు లెక్కపెడితే యూనియన్‌కు 2,041, వ్యతిరేకంగా 1,879. పదహారేళ్ల తర్వాత గెలిచారు. గ్రాండ్ ఐలాండ్‌లో కూలీలు చీలిన ఏడాదే టార్ హీల్‌లో కూలీలు గెలిచారు. రెండుచోట్లా అదే కత్తి, అదే చలి, అదే గొలుసు. పక్కవాడి కష్టాన్ని తనదనుకున్నారా లేదా అన్నదే తేడా.

ఈ పాఠం పాతబడలేదు. 2025 జూన్‌లో నెబ్రాస్కాలోని ఒమాహాలో గ్లెన్ వ్యాలీ ఫుడ్స్ అనే మాంసం ఫ్యాక్టరీ మీద దాడి చేసి 70 మందికి పైగా కూలీలను పట్టుకుపోయారు. ప్రభుత్వం చెప్పిన తనిఖీ పద్ధతే మేము వాడుతున్నామని కంపెనీ మొత్తుకున్నా లాభం లేకపోయింది. అదే ఏడాది నవంబర్‌లో టైసన్ కంపెనీ అదే రాష్ట్రంలోని లెక్సింగ్టన్ కబేళాను 2026 జనవరిలో మూసేస్తామని ప్రకటించింది. పదకొండు వేల జనాభా ఉన్న ఊళ్లో 3,200 ఉద్యోగాలు. ఆ ప్రకటనలో స్థానికుడికి ఒక వాక్యం, వలసవాడికి ఒక వాక్యం రాయలేదు. అందరికీ కలిపి ఒక్కటే కాగితం. ఇన్నాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నవాళ్లు ఆ రోజు ఒకే వరుసలోకి వచ్చారు. ఆ వరుస యాజమాన్యం కట్టింది. కూలీలే ముందుగా కట్టుకొని ఉంటే కథ వేరుగా ఉండేది.

విద్యార్థులకు, ఉద్యోగులకు, కార్మిక సంఘాల మిత్రులకు ఒక్క మనవి. మీ ఫ్యాక్టరీలో, మీ ఆఫీసులో, మీ హాస్టల్లో ఫలానా వాడి వల్లే నీకు తక్కువైంది అని ఎవరైనా చెవిలో చెబితే వెంటనే ఆవేశపడకండి. మూడు ప్రశ్నలు అడగండి. నా వాటా తగ్గించే కాగితం మీద సంతకం పెట్టిందెవరు? వాడు వచ్చాక తగ్గిందా, తగ్గినాక వాడొచ్చాడా? వాడు పోతే నాది పెరుగుతుందా, లేక రేపు ఇంకొకడొస్తాడా? ఈ మూడింటికి జవాబు దొరికితే ఎవరి మీద పిడికిలి ఎత్తాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

గ్రాండ్ ఐలాండ్ కూలీలు పావుగంట కోసం ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నారు. పొద్దు ఎప్పుడు గూకాలో దేవుడు నిర్ణయించాడు. విరామం ఎప్పుడో, గొలుసు ఎంత వేగమో, పావుగంటకు కూలి కోయాలో వద్దో నిర్ణయించింది మాత్రం ఫ్యాక్టరీ యాజమాన్యం. కలిసి అడగవలసింది ఆ యాజమాన్యాన్నే.